కడుపులోనికి దీపము చేరిన కథ



ఉగాదినాడు మన ఇండ్లలో మొట్టమొదట నోట పడునది వేపపూత పచ్చడి. చేదు, తీపి, పులుపు, ఉప్పు, కారము, వగరు, ఆరును ఒక్క గుటకలో గొంతు దిగును. దిగిన పిదప వాటి సంగతి ఏమగుచున్నదో కన్నులార చూచినవారు పూర్వము లేరు. నాలుక వరకే మనకు తెలిసిన రాజ్యము; గొంతు దాటినంతనే అంతయు చీకటి. ఆ చీకటిలోనికి మానవుడు దీపమును ఎట్లు పంపగలిగెను, దానివలన మనబోటి కుటుంబములకు కలిగిన మేలు ఏమి, అను విషయమును ఈ సంచికలో చెప్పదలచితిమి. మేము వైద్యులము కాము. రైల్వే కచేరిలో గుమాస్తా పని చేయువారము. చదివి తెలిసికొన్నంత, తెలిసినవారిని అడిగి గ్రహించినంత వ్రాయుచున్నాము.

పొట్ట చేతబట్టుకొని వచ్చినవారము

పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచితిమని మన పెద్దలు చెప్పుకొనుట అందరము విన్నదే. నెల్లూరు, గుంటూరు, శ్రీకాకుళము వైపులనుండి రైలెక్కి చెన్నపట్నము సెంట్రల్ స్టేషనులో దిగినవారికి రోడ్డు కవతల ఎదురుగా కనబడునది జనరల్ ఆసుపత్రి. 1664లో కోటలోపల చిన్నదిగా మొదలై, 1772 నుండి ఇప్పుడున్న తావున నిలచినది. 1835లో వైద్య పాఠశాలగా పుట్టిన మద్రాసు మెడికల్ కాలేజీ దానికి తోడుగా నున్నది. ఉత్తరపు దిక్కున, మనవారు చిరకాలముగా కాపురముండు చాకలిపేట, రాయపురముల చేరువ స్టాన్లీ ఆసుపత్రి కలదు. దాని పుట్టుక వినదగినది. 1780 తరువాతి కరవులో ఆకలిగొన్నవారికి గంజి పోసిన మణేగారు సత్రమునుండి అది పెరిగినది. అందుచేతనే పాతకాలపువారు దానిని కంజితొట్టి ఆసుపత్రి అనిరి. 1938లో అది వైద్య కళాశాలయై గవర్నరు స్టాన్లీ పేరు ధరించి యున్నది. ఆకలి కడుపులకు గంజి పోసిన చోటనే తరువాతి కాలమున కడుపు జబ్బులకు గొప్ప వైద్యము పెరిగినది.

ఆ వైద్యము అవసరమైన దేశమే మనది. చిన్న ప్రేగు మొదటి భాగమున పుండు పడుట దక్షిణదేశమున బహుకాలముగా ఎక్కువ. 1922లోను 1924లోను ఎవరెస్టు శిఖరమునకు వెళ్ళిన దండులలోని ఆంగ్లేయ వైద్యుడు సోమర్వెల్, మొదటి యాత్ర ముగిసిన పిదప దక్షిణ తిరువాన్కూరులోని నెయ్యూరు మిషను ఆసుపత్రిని చూడబోయెను. అక్కడ కాచుకొని యున్న రోగుల గుంపును చూచి, ఇంగ్లండులోని కొలువు వద్దనుకొని, నెయ్యూరులోనే ఉండిపోయెను. ఆయన చేసిన శస్త్రచికిత్సలలో పెద్ద భాగము ఈ ప్రేగుపుండునకే.

మన రైల్వేవారికి ఇంకను దగ్గరి సంగతి యొకటి కలదు. డాక్టరు ఎస్. ఎల్. మల్హోత్రా అను రైల్వే వైద్యాధికారి 1960లలో రైల్వే ఉద్యోగులనే పరిశీలించి, అన్నము తిను దక్షిణాది వారిలో ఈ పుండు రొట్టె తిను ఉత్తరాది వారికన్న మిక్కిలి ఎక్కువని లెక్కలతో చూపెను. మెత్తని అన్నమును నమలకుండ మ్రింగుటచే లాలాజలము చాలినంత కలియదని ఆయన తలంపు. ఆ తలంపు ఎంతవరకు సరియో తరువాత చూతము. ఒకే కొలువు చేయు మనుష్యుల కడుపులు ఊరిని బట్టి, తిండిని బట్టి వేరగునని చూపుటకు రైల్వే జాబితాలు పనికి వచ్చుట మాత్రము మాకు సంతోషము కలిగించినది.

కత్తి తప్ప దారి లేని కాలము

ఆ దినములలో కడుపు నొప్పితో వచ్చినవానికి వైద్యుడు ఏమి చేయగలడు? చేతితో నొక్కి చూచును. బేరియము కలిపిన తెల్లని ద్రావకమును త్రాగించి ఎక్స్‌రే తీయించును. ఎక్స్‌రేలో కనబడునది నీడ. నీడను చూచి పుండో, రాచపుండో తేల్చుట కష్టము. సందేహము తీరనప్పుడు మిగిలినది ఒక్కటే దారి: పొట్ట కోసి తెరచి చూచుట. తెరచిన తరువాత చేయదగినది ఏమియు లేదని తెలిసి తిరిగి కుట్టి వేసిన సందర్భములును ఉండెడివి.

ఈ భయమే మనవారిని ఆసుపత్రికి దూరము చేసినది. కడుపు చించుకొన్న కాళ్ళపై పడునని మన సామెత. ఇంటిగుట్టు బయట పెట్టరాదని దాని అర్థము. మనవారు ఆ సామెతను కడుపు నొప్పికి సైతము అన్వయించుకొనిరి. ఇంటి ఇల్లాలు సోడా ఉప్పు నీళ్ళు త్రాగి, జీలకఱ్ఱ నమలి, పంటి బిగువున నొప్పి నోర్చును. పరాయి ఊరిలో మంచమెక్కినచో వండి పెట్టువారు ఎవరను దిగులు ఆమెది. జీతము నష్టమను దిగులు మగనిది. ఇట్లు జరిగిన జాగు వలన పోయిన ప్రాణములను లెక్క వేసినవారు లేరు.

కొవ్వొత్తినుండి కత్తులు మ్రింగువాని వరకు

కోయకుండ చూడవలెనను కోరిక పాతదే. 1806లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున బొజ్జినీ అను యువ వైద్యుడు ఒక పెట్టెలో కొవ్వొత్తిని, అద్దమును అమర్చి, సన్నని గొట్టముగుండ శరీర రంధ్రములలోనికి వెలుతురు పంపు సాధనము చేసెను. వియన్నాలోని పెద్దలు దానిని ఆటవస్తువుగా త్రోసిపుచ్చిరి. బొజ్జినీ 1809లో ముప్పదియైదేండ్ల వయసున టైఫసు జ్వరముతో చనిపోయెను. ఆయన తలచిన త్రోవ మాత్రము చావలేదు.

1868లో ఫ్రైబుర్గు నగరపు ఆచార్యుడు కుస్మౌల్ జీర్ణాశయమును చూడదలచెను. గొట్టము నిటారుగా నుండును. మనిషి గొంతు వంకరగా నుండును. ఇది కుదురునా అని సందేహించువేళ, ఆయన కత్తులు మ్రింగు గారడీవానిని పిలిపించెను. తల వెనుకకు వంచి కత్తిని మ్రింగువాడు గొట్టమును మ్రింగలేడా? మ్రింగెను. దారి యున్నదని తేలినది. కాని దీపపు వెలుతురు చాలక లోపల స్పష్టముగా కనబడలేదు. మన సంతలలోను కత్తి మ్రింగు దొమ్మరివారిని చూచి చప్పట్లు కొట్టితిమి. అదే విద్య ఒక వైద్యునికి పాఠమైనది.

1881లో వియన్నాలో మికూలిచ్ అను శస్త్రవైద్యుడు విద్యుత్తు వెలుతురుతో కడుపులోపల చూడగలిగెను. అయినను ఆ గొట్టము వంగదు. కొంచెము తప్పినను అన్నవాహికకు చిల్లు పడును. 1932లో మ్యూనిక్ వైద్యుడు రుడాల్ఫ్ షిండ్లరు, గేయార్గ్ వోల్ఫ్ అను పనిముట్ల తయారీదారునితో కలసి, చివరి భాగము వంగు గొట్టమును సిద్ధపరచెను. అనేక చిన్న కటకములను వరుసగా పేర్చినందున గొట్టము కొంత వంగినను బొమ్మ చెదరలేదు. పరీక్ష జరుగునంతసేపు ఆయన భార్య గాబ్రియేలు రోగి తలను కదలకుండ పట్టుకొని సాయపడెడిది. నాజీలు షిండ్లరును చెరలో నుంచిరి. విడుదలైన పిదప 1934లో ఆయన అమెరికాలోని షికాగోకు వలసపోయి అక్కడ ఈ విద్యను నాటెను. ఊరు విడిచినవాడు తన విద్యను వెంట తీసికొనిపోవునని వలసవచ్చిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

మోగా కుర్రవాడు, గాజు దారము

ఇక మన దేశపు వంతు వచ్చినది. పంజాబులోని మోగా పట్టణమున 1926లో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ లండనుకు వెళ్ళి, ఆచార్యుడు హాప్‌కిన్సు వద్ద పరిశోధన చేసెను. వెలుతురు తిన్నగా మాత్రమే పోవునని బడిలో మనము చదివితిమి. వెంట్రుకవంటి గాజుదారములను వేలకొలది కట్టగా కట్టినచో, కట్ట వంగినను దానిలో బొమ్మ చివరవరకు నడచునని వీరిరువురు 1954 జనవరిలో ప్రకటించిరి. కపానీ 2020లో మరణింపగా, 2021లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినది.

ఆ వ్యాసమును చదివిన బాసిల్ హిర్షోవిట్జ్ అను వైద్యుడు లండనుకు పోయి వారిని కలసికొనెను. ఆయన దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయమున పని చేయుచుండెను. గాజుదారములు ఒకదాని నొకటి తాకినచో వెలుతురు ప్రక్కదానిలోనికి కారిపోవుచుండెను. 1956 చివర లారీ కర్టిస్ అను విద్యార్థి ప్రతి దారమునకు వేరొక గాజు తొడుగు తొడిగి ఆ చిక్కు విప్పెను. 1957 ఫిబ్రవరిలో హిర్షోవిట్జ్ ఆ మెత్తని గొట్టమును మొదట తానే మ్రింగెను. కొద్దిదినములకు ప్రేగుపుండు గల ఒక స్త్రీకి పరీక్ష చేసి పుండును కన్నులార చూచెను. కత్తులు మ్రింగు విద్య రాని సామాన్యునికి దారి తెరచుకొన్న దినమది.

అంతకు మునుపే 1950లో జపానులో ఊజి అను వైద్యుడు, ఒలింపస్ కంపెనీ ఇంజనీరులు కలసి, కడుపులో దింపి ఫోటోలు తీయు చిన్న కెమేరాను చేసిరి. జపానులో జీర్ణాశయపు రాచపుండు మిక్కుటము. దానిని తొలిదశలో పట్టుట వారి పట్టుదల. ఈ రెండు దారులును కాలక్రమమున కలసినవి. 1983లో గాజుదారములకు బదులు గొట్టము కొననే ఎలక్ట్రానిక్ కన్ను అమర్చబడి, కడుపులోని దృశ్యము టెలివిజను తెరమీదికి వచ్చినది. ఒక్క వైద్యుడు ఒంటికన్నుతో చూచినదానిని గదిలోని వారందరు చూడగలిగిరి.

చూచుటనుండి చేయుటకు

కన్ను చేరిన చోటికి చేయి చేరుట సహజము. గొట్టములో సన్నని దారి యొకటి విడిచి, దానిలో చిన్న పట్టుకారును పంపి, అనుమానపు చోట ఆవగింజంత ముక్క గిల్లి తెచ్చి పరీక్షించుట నేర్చిరి. 1969లో న్యూయార్కులో షిన్యా, వోల్ఫ్ అను వైద్యులు పెద్ద ప్రేగులోని కంతిని తీగ ఉచ్చుతో కోసి తీసిరి. పొట్టపై గాటు లేదు. 1968లో మెక్యూన్ అను అమెరికా వైద్యుడు, పిత్తనాళము ప్రేగులోనికి తెరచుకొను చిన్న రంధ్రములో గొట్టమునుండి సన్నని నాళికను చొప్పించి, రంగు ఎక్కించి ఎక్స్‌రే తీసెను. ఇదే ఇ.ఆర్.సి.పి. అను పద్ధతికి మూలము. 1974లో జర్మనీలోను జపానులోను ఆ రంధ్రమును కొద్దిగా వెడల్పు చేసి, పిత్తనాళములో చిక్కిన రాళ్ళను వెలికి తీసిరి. రాయి అడ్డుపడి పచ్చకామెర్లు వచ్చినవారు పెద్ద కోత లేకుండ బాగుపడుటకు అది ఆరంభము.

ఈ గిల్లిన ముక్కల వలననే మల్హోత్రా గారు వెదకిన ప్రశ్నకును కొత్త జవాబు దొరకినది. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున వారెన్, మార్షల్ అను ఇద్దరు వైద్యులు రోగుల జీర్ణాశయపు ముక్కలలో హెలికోబాక్టరు అను వంకర సూక్ష్మక్రిమిని కనుగొనిరి. ఎవరును నమ్మకపోగా 1984లో మార్షల్ ఆ క్రిములను తానే త్రాగి జబ్బు తెచ్చుకొని, కడుపు వాచినదని ఎండోస్కోపీలో చూపెను. వారికి 2005లో నోబెల్ బహుమానము లభించినది. తిండి, పొగాకు, నొప్పిమాత్రలు తమ తమ వంతు చెరుపు చేయవచ్చును గాని, ప్రేగుపుండునకు ముఖ్యకారణములలో ఈ క్రిమి పెద్దది. ఒకనాడు కత్తి క్రింద పడుకొన్న రోగి నేడు రెండు వారముల మాత్రలతో నయమగుచున్నాడు.

గోడ కవతలి సంగతి

ఇన్ని వచ్చినను ఒక కొరత మిగిలినది. గొట్టపు కన్ను గోడ ఉపరితలమునే చూచును. గోడ కవతల ఏమున్నదో చూడలేదు. జీర్ణాశయము వెనుక, వెన్నెముకకు ముందు, క్లోమము దాగి యున్నది. చక్కెర వ్యాధిని అదుపు చేయు ఇన్సులిను అక్కడనే తయారగును. దానికి వచ్చిన రాచపుండు మిక్కిలి ఆలస్యముగా బయటపడును. పొట్టపైనుండి అల్ట్రాసౌండు పెట్టి చూచినచో, ప్రేగులలోని వాయువు శబ్దతరంగములను అడ్డగించును. కాబట్టి క్లోమము మబ్బు చాటు చంద్రునివలె నుండును.

దీనికి ఉపాయము సులభముగనే తోచినది, చేయుట కష్టమైనది. బయటినుండి చూచుటకు వాయువు అడ్డు వచ్చినచో, అల్ట్రాసౌండు యంత్రపు కొననే కడుపులోనికి దింపవచ్చును గదా! 1980లో అమెరికాలో డిమాగ్నో బృందము, జర్మనీలో స్ట్రోమ్, క్లాసెన్ల బృందము వేరువేరుగా తమ ఫలితములను ప్రకటించిరి. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు పుట్టుక ఇదే. జీర్ణాశయములో నిలచి చూచినచో క్లోమము గోడకు అవతలి ప్రక్కనే యుండును. దూరము తక్కువ గనుక నిశితమైన శబ్దమును వాడవచ్చును. జీర్ణాశయపు గోడలోని పొరలు అయిదును వేరువేరుగా కనబడును. కంతి ఏ పొరవరకు దిగినదో తెలియును. పిత్తనాళములోని కందిగింజంత రాయి సైతము దాగలేదు. పట్టాలు తట్టి, మోత విని, లోపలి పగులును గుర్తించు గ్యాంగుమనుషుల విద్యకు ఇది దూరపు చుట్టమని మాకు తోచును.

1992లో డెన్మార్కు వైద్యుడు విల్మన్, ఈ యంత్రము చూపు దారిని గమనించుచు, జీర్ణాశయపు గోడగుండ సూదిని పంపి, క్లోమములోని కంతినుండి కణములను తీసెను. నడుమ రక్తనాళములున్నను తప్పించుకొని సూది పోవును. తెరమీద సూది కొన కనబడుచుండును. క్లోమము వాచిన తరువాత చేరు నీటితిత్తిని కడుపులోనికే దారి చేసి ఖాళీ చేయుట, నొప్పి నరములకు మందు అందించుట, ఇవన్నియు తరువాత వచ్చినవి. కోత పెట్టి చేసిన పనులనేకము నేడు నోటి దారిని జరుగుచున్నవి.

చెన్నపట్నము, తెలుగు వైద్యుడు

ఈ విద్య మన దేశమున పెరుగుటలో చెన్నపట్నపు వాటా చిన్నది కాదు. స్టాన్లీలో డాక్టరు మదనగోపాలన్ జీర్ణకోశ వ్యాధుల విభాగమును నడపి, శిష్యులను తయారు చేసెను. జనరల్ ఆసుపత్రిలో డాక్టరు రంగభాష్యం జీర్ణకోశ శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగమును నెలకొల్పెను. 2002లో పద్మభూషణ్ పొందెను. రెండును ప్రభుత్వపు ఆసుపత్రులే. కూలివానికి, గుమాస్తాకు తలుపులు తెరచి యున్న చోట్లే.

సెంట్రల్ స్టేషను ఎదుటి ఆ కాలేజీలో ఎం.డి. చదివినవారిలో ఒక తెలుగు బిడ్డ కలడు. 1956లో విశాఖపట్నమున పుట్టి, కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో ఎం.డి. చేసి, చండీగఢ్‌లో జీర్ణకోశ వ్యాధుల పైచదువు ముగించిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పెను. ఈ విద్యను నేర్చుకొనుటకు పరదేశపు వైద్యులు అక్కడికి వచ్చుచున్నారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ ఆయనకు లభించినవి. అమెరికాలోని ఎండోస్కోపీ సంఘము షిండ్లరు పేరిట ఇచ్చు బహుమానమును సైతము ఆయన అందుకొనెను. మ్యూనిక్‌నుండి తరిమివేయబడినవాని పేరిటి గౌరవము తెలుగువాని చేతికి వచ్చినది.

మన ఇండ్లకు ఒక మాట

కొవ్వొత్తినుండి శబ్దతరంగము వరకు ఈ చరిత్ర నడచిన దారిలో అడుగడుగునకు కత్తి చిన్నదైనది. కాని మన ఇండ్లలోని భయము అంత వేగముగా చిన్నది కాలేదు. “గొట్టము మ్రింగిస్తారట” అని వినగానే వెనుకకు మరలువారు మా కాలనీలో ఇప్పటికిని కలరు. మామూలు పరీక్షకు ఆరు గంటలో ఎనిమిది గంటలో పరగడుపుతో పోవలెను. గొంతుకు మొద్దుబారు మందు చల్లుదురు, లేదా మత్తు ఇత్తురు. చూచుట మాత్రమే అయినచో పని కొద్ది నిమిషములలో ముగియును. అల్ట్రాసౌండు గొట్టమునకు మత్తును, కొంత ఎక్కువ సమయమును కావలెను. పిత్తనాళపు పనిలో నూటికి కొందరికి క్లోమము వాచు ప్రమాదము కలదు. కాబట్టి అది అవసరమున్నప్పుడే, అనుభవము గలవారిచేతనే జరుగవలెను. అందరికిని అన్ని పరీక్షలు అక్కరలేదు. ఏది కావలెనో చెప్పవలసినవాడు వైద్యుడు. ఎందుకని అడుగవలసినవారము మనము.

తారువలె నల్లని విరేచనము, నెత్తురు వాంతి, మెతుకు గొంతులో అడ్డుపడుట, కారణము లేక ఒళ్ళు తగ్గుట, రక్తము తగ్గి ఆయాసము, కన్నులు పచ్చబడుట: వీటిలో ఏ ఒక్కటి కనబడినను సోడా ఉప్పుతో సరిపెట్టరాదు. ఏబది దాటిన వయసున కొత్తగా వచ్చిన కడుపు నొప్పినైనను ఉపేక్షింపరాదు. ముఖ్యముగా మన తల్లులను, అక్కచెల్లెండ్రను అడిగి చూడవలెను. అందరికి వడ్డించి కడపట తినువారు తమ కడుపు సంగతి కడపటనైనను చెప్పరు. సంఘమువారు ఏటేట నాటకములకు, పాటకచ్చేరీలకు చేయు ఏర్పాటులతోపాటు, ఒక ఆదివారము వైద్యునొకరిని పిలిపించి తెలుగున ఈ సంగతులను చెప్పించినచో మేలగును. తమిళమున చెప్పిన రోగలక్షణము సగమే అర్థమై ఇంటికి మరలు ముసలివారు మనలో తక్కువవారు కారు. ఆసుపత్రి చీటీ చదివి చెప్పుటకు, వరుసలో తోడు నిలుచుటకు చదువుకొన్న యువకులు కొందరు ముందుకు వచ్చినచో ఇంకను మేలు. మేమును మా సెలవు దినములలో అందుకు సిద్ధము.

పచ్చడిలోని ఆరు రుచులును చీకటిలోనికి దిగుచున్నవని మొదట అంటిమి. ఇప్పుడు ఆ చీకటిలో దీపము కలదు. దానిని వెలిగించుకొనుట మన చేతిలోనిది. కొత్త సంవత్సరమున మన ఇండ్లన్నిట ఆకలి చక్కగా వేసి, తిన్నది చక్కగా అరిగి, పిల్లాపెద్దలు ఆయురారోగ్యములతో వర్ధిల్లుదురు గాక.